శొంఠి ఘాటు, మొలాసిస్ నలుపు, వంట సోడా లెక్క
(పాఠకుల వంటింటి ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే రొట్టె గురించి కావడంతో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడ పక్కింటావిడ చదరపు టిన్నులో చేసిన నల్లని రొట్టె ఒకటి తెచ్చిచ్చింది. లోపల తడితడిగా ఉండి, కోయగానే శొంఠి, లవంగం వాసన గుప్పుమంది. చూడడానికి కేకు, పేరేమో బ్రెడ్డు. ఈస్టు వేయలేదని కూడా చెప్పింది. ఇదేమిటి? మన ఇళ్లలో ఎలా చేసుకోవాలి?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: మీరు తిన్నది జింజర్‌బ్రెడ్. క్రిస్మస్ రోజుల్లో మనిషి బొమ్మలుగా కత్తిరించే, చిన్న ఇళ్లుగా నిలబెట్టే కరకరలాడే బిస్కెట్లకు కూడా అక్కడ ఇదే పేరు ఉంది గాని, మీకు దొరికినది మెత్తని రకం. పిండి పులిసేదాకా ఆగకుండా వంట సోడాతోనో బేకింగ్ పౌడరుతోనో అప్పటికప్పుడు పొంగించే రొట్టెలను అమెరికాలో క్విక్ బ్రెడ్లు అంటారు. అరటిపండు రొట్టె, మొక్కజొన్న రొట్టె ఆ కోవలోవే. ఇది బ్రెడ్డా కేకా అన్నది అక్కడివాళ్లే తేల్చుకోలేదు కనుక మనం తల బద్దలు కొట్టుకోనక్కరలేదు.

మీ అమ్మాయి ఉంటున్న రాష్ట్రానికి ఈ రొట్టెతో పాత సంబంధమే ఉంది. అమెరికా దేశస్థురాలు రాయగా అమెరికాలోనే అచ్చయిన తొలి వంటల పుస్తకంగా పేరు పొందినది 1796లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో వెలువడింది. అందులో జింజర్‌బ్రెడ్‌ను పలు విధాల చేయడం ఉంది. పిండి పొంగడానికి పెర్ల్ యాష్ వాడమని ఉంది. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను ఇగిరించి, మిగిలినదాన్ని మళ్లీ కాల్చి శుద్ధి చేస్తే వచ్చే తెల్లని క్షారమే పెర్ల్ యాష్. మన అమ్మమ్మలు గిన్నెలు తోమిన బూడిదకు అది చదువుకున్న చుట్టం అనుకోవచ్చు. అమెరికా ప్రభుత్వం 1790 జూలై 31న ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు కూడా ఈ క్షారాన్ని తయారుచేసే కొత్త పద్ధతికే దక్కింది. ఇక తీపి సంగతికి వస్తే, కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో దిగే మొలాసిస్ (చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే చిక్కని ద్రవం) ఆ రోజుల్లో శుద్ధి చేసిన చక్కెర కంటే బాగా చవక. ఆ చెరకు తోటల్లో పని చేసినవారు బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు. ఆ చవకదనంలో వారి చెమట కూడా కలిసే ఉంది.

మొలాసిస్‌లో కొద్దిపాటి పులుపు ఉంటుంది. సోడా క్షారం. రెండూ తడిలో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి, ఆ బుడగలే రొట్టెను లేపుతాయి. ఈ నెల వచ్చిన ప్రశ్నలు సగానికి సగం ఈ రెంటి లెక్క దగ్గరే ఆగుతున్నాయి కనుక దీన్ని గుర్తుంచుకోండి.

ఎనిమిది అంగుళాల చదరపు టిన్నుకు మైదా 250 గ్రాములు తీసుకొని, సమంగా గీసి కొలిచిన ఒక టీ స్పూను వంట సోడా, అర టీ స్పూను ఉప్పు, రెండు టీ స్పూన్ల శొంఠి పొడి, ఒకటి దాల్చినచెక్క పొడి, పావు టీ స్పూను లవంగాల పొడి కలిపి రెండుసార్లు జల్లించండి. లవంగం పావు దాటితే మిగతా వాసనలన్నిటినీ మింగేసి, పంటినొప్పి మందు గుర్తుకు తెస్తుంది. వేరే గిన్నెలో కరిగించిన వెన్న 100 గ్రాములు, బ్రౌన్ షుగర్ 75 గ్రాములు, మొలాసిస్ 200 గ్రాములు కలిపి, అది గోరువెచ్చగా అయ్యాక ఒక గుడ్డు కొట్టి వేయండి. ఇందులో పిండిని రెండు మూడు విడతలుగా కలిపి, చివరన 160 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి, పొడి పిండి కనబడకుండా పోయేదాకా మాత్రమే తిప్పండి. ఎక్కువసేపు గిలక్కొడితే మైదాలోని గ్లూటెన్ సాగి రొట్టె రబ్బరులా తయారవుతుంది. పిండి ఊతప్పం పిండిలా జారుగా ఉంటుంది. పలచన అయిందని భయపడి మైదా జోడించకండి. బటర్ పేపరు పరిచిన టిన్నులో పోసి, ముందుగా వేడెక్కించిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి.

ప్రశ్న: మాది బెల్లం ఊరు. తినే మొలాసిస్ కోసం వెతికితే చక్కెర మిల్లుల నుంచి డ్రమ్ముల్లో వెళ్లేదే తప్ప మరొకటి కనబడలేదు. దానికి బదులు అంతే తూకం బెల్లం పాకం పోసి మిగతావన్నీ చెప్పిన కొలతలతోనే చేశాను. రంగు తేలిపోయింది. నోట్లో పెట్టుకుంటే సబ్బు నురగ తగిలినట్లుంది. బెల్లంతో ఈ రొట్టె కుదరదా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కుదురుతుంది, కాకపోతే సోడా లెక్క మార్చుకోవాలి. అంతకంటే ముందు ఒక హెచ్చరిక: మిల్లు డ్రమ్ముల జోలికి వెళ్లకండి. అది డిస్టిలరీలకు, పశువుల దాణాకు పోయే సరకు. మనుషులు తినడానికి తగిన శుభ్రతతో దాన్ని తీయరు, నిల్వ చేయరు. తినే మొలాసిస్ పెద్ద నగరాల సూపర్‌మార్కెట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ సీసాల్లో దొరుకుతుంది.

ఇప్పుడు సబ్బు రుచి సంగతి. చెరకు రసాన్ని కాచి, చక్కెర పలుకులను విడదీసి తీసేశాక మిగిలే చిక్కని ద్రవం మొలాసిస్. కాచి తీసిన కొద్దీ అందులో తీపి తగ్గుతుంది. పులుపు, ఖనిజాలు, నలుపు, చేదు చిక్కబడతాయి. బెల్లంలో నుంచి చక్కెరను ఎవరూ తీయరు. పైగా పెనం మీద రసం మరిగేటప్పుడు మడ్డి విరిగి పైకి తేలడానికి చాలాచోట్ల సున్నం వేస్తారు, దానితో రసంలో ఉన్న కాస్త పులుపూ విరిగిపోతుంది. అంటే మీరు వేసిన టీ స్పూను సోడాకు జత కట్టడానికి తగినంత పులుపు గిన్నెలో లేదు. అలా ఒంటరిగా మిగిలిన సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బొనేట్‌గా, అంటే మన చాకలి సోడాగా మారుతుంది. మీ నాలుకకు తగిలిన సబ్బు అదే. నేను కూడా మొదటిసారి సరిగ్గా ఇదే చేసి, మసాలా చాలలేదేమోనని రెండోసారి శొంఠి పెంచి, ఘాటైన సబ్బు తిన్నదాన్ని.

తూకంలోనూ ఒక తేడా ఉంది. మొలాసిస్‌లో అయిదో వంతుకు పైగా నీరే. గట్టి బెల్లంలో నీరు చాలా తక్కువ. అందువల్ల 200 గ్రాముల మొలాసిస్‌కు బదులు 150 గ్రాముల బెల్లాన్ని తరిగి, 50 మిల్లీలీటర్ల నీళ్లతో సన్నని సెగ మీద కరిగించండి. కరగడమే కావాలి, తీగపాకం రాకూడదు. ఇసుక, చెరకు పిప్పి లేకుండా పలచని గుడ్డలో వడగట్టి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి నీళ్ల స్థానంలో బాగా పులిసిన మజ్జిగ 160 మిల్లీలీటర్లు పోసి, సోడాను అర టీ స్పూనుకు తగ్గించి, ఒక టీ స్పూను బేకింగ్ పౌడరు చేర్చండి. చల్లారనివ్వమనడం ఊరికే కాదు: పరమాన్నం దించకుండానే బెల్లం వేస్తే పాలు ఏమవుతాయో మీకు తెలుసు, వేడి పాకంలో పడిన మజ్జిగదీ అదే గతి.

రంగు కోసం పాత నల్లబెల్లం వాడవచ్చు. సారా కాచేవాళ్లకు అది ముడిసరకు కావడంతో కొట్లో అడిగినప్పుడు కొంచెం అనుమానంగా చూస్తారు. రొట్టె కోసమంటే నమ్ముతారన్న హామీ నేనివ్వలేను. మొలాసిస్‌లోని ఆ సన్నని చేదు మాత్రం బెల్లానికి రాదు. మజ్జిగలో రెండు టేబుల్ స్పూన్ల చిక్కని కాఫీ డికాక్షన్ కలిపి చూడండి. కాఫీ అని పట్టుకోలేరు గాని, తీపి వెనుక ఒక లోతు వస్తుంది. అయినా మీకు వచ్చేది బెల్లం రొట్టే, ఆ కనెక్టికట్ రొట్టె కాదు. నా మటుకు నాకు కాఫీ పోసిన బెల్లం రొట్టే ఎక్కువ నచ్చుతుందని చెప్పడానికి మొహమాటం లేదు.

ప్రశ్న: సీసా మొలాసిస్‌తోనే ఓటీజీలో చేశాను. బాగా పొంగింది గాని, బయటికి తీసిన అయిదు నిమిషాలకే నడుమ గుంట పడింది. పిండి కలిపాక ఫోను రావడంతో అరగంట పక్కన పెట్టిన మాట నిజమే. రుచి బాగుండాలని సోడా మాత్రం ధారాళంగా వేశాను. ఇరవయ్యో నిమిషంలో నల్లగా కనిపించి, మాడుతోందేమోనని తలుపు తీసి చూశాను. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ఎక్కడ జరగలేదు అని అడిగితే జవాబు సులభంగా ఉండేది, మన్నించండి. బేకింగ్ పౌడరులో చాలా రకాలు ఒకసారి తడికి, ఒకసారి వేడికి రెండు విడతలుగా పనిచేస్తాయి. వంట సోడా అలా కాదు, పులుపూ తడీ తగలగానే బుడగలు వదలడం మొదలుపెడుతుంది. మీరు ఫోనులో మాట్లాడుతున్న అరగంటా గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు చిట్లుతూనే ఉండి ఉంటాయి. పిండి కలపడానికి ముందే ఓవెన్ వేడెక్కి ఉండాలి. వేడి నీళ్లు పోసిన అయిదు నిమిషాలలోపు టిన్ను లోపలికి వెళ్లాలి.

సోడా ధారాళంగా వేస్తే పొంగు ఎక్కువ వస్తుందన్నది నిజమే, నిలబడదన్నదీ నిజమే. లోపలి గోడలు గట్టిపడక ముందే బుడగలు పెద్దవై ఒకదానిలో ఒకటి కలిసి పగిలిపోతాయి. ఇరవయ్యో నిమిషంలో తలుపు తీయడం మూడో దెబ్బ. అప్పటికి అంచులు నిలుస్తాయి గాని నడుమ ఇంకా జారుగానే ఉంటుంది, చల్లగాలి తగలగానే కూర్చుండిపోతుంది.

అయితే మీరు తలుపు తీయడానికి దారితీసిన కారణం గురించి కొంచెం చెప్పాలి. ఈ రొట్టెలో రంగును నమ్మకూడదు. మామూలు కేకు బంగారు రంగుకు తిరిగితే అయిందనుకుంటాము. ఇది పచ్చిగా ఉన్నప్పుడే కాఫీ గింజ రంగులో ఉంటుంది. ముప్పయ్యో నిమిషం దాటాక తలుపు తీసి, కొత్త చీపురు పుల్లను కడిగి ఆరబెట్టి నడుమ గుచ్చండి. తడి పిండి అంటుకుంటే కాలేదు, ఒకటి రెండు మెత్తని పలుకులు అంటుకుంటే అయింది. పుల్ల పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఆగితే రొట్టె ఎండిపోతుంది. నడుమ వేలితో నొక్కితే మళ్లీ పైకి రావాలి, అంచులు టిన్ను గోడను వదిలి సన్నని సందు ఇవ్వాలి. చాలా ఓటీజీల మీటరు చూపేదానికీ లోపలి వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా ఉంటుంది; మొలాసిస్ చక్కెరలు త్వరగా మాడతాయి కనుక మీ అంచులు చేదెక్కుతుంటే 165 డిగ్రీలకు తగ్గించి మరో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి.

ప్రశ్న: ఇక్కడి దుకాణంలో మొలాసిస్ సీసాల మీద లైట్, డార్క్, బ్లాక్‌స్ట్రాప్, అన్‌సల్ఫర్డ్ అని రకరకాలుగా రాసి ఉంది. ఏది కొనాలి?
– ఒక తెలుగు కుటుంబం, డాలస్

జవాబు: చక్కెర తీయడానికి రసాన్ని మొదటిసారి కాచాక మిగిలినది లైట్, రెండోసారి మిగిలినది డార్క్, మూడోసారి మిగిలినది బ్లాక్‌స్ట్రాప్ అని స్థూలంగా అనుకోండి. ఈ రొట్టెకు డార్క్ సరైనది, లైట్ కూడా ఫరవాలేదు. బ్లాక్‌స్ట్రాప్ ఒక్కదానితోనే చేస్తే కషాయంలా చేదుగా ఉంటుంది. అన్‌సల్ఫర్డ్ అంటే తయారీలో గంధకపు వాయువు వాడలేదని అర్థం, అదే తీసుకోండి. మీ బంధువులెవరైనా ఇంగ్లండ్‌లో ఉంటే అక్కడ దీనికి దగ్గరి సరకును బ్లాక్ ట్రీకిల్ అంటారు. యార్క్‌షైర్‌లో దానితో ఓట్స్ పిండి కలిపి పార్కిన్ అనే శొంఠి రొట్టె చేసి, నవంబరు 5 నాటి మంటల పండుగకు తింటారు.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు, గుడ్డు తినము. కుక్కరులో చేయవచ్చా? ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికిస్తే ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కుక్కరులో చేసిన కేకుల మీద ఉండే పెద్ద ఫిర్యాదు పైభాగం తెల్లగా, పాలిపోయి ఉంటుందని. ఈ రొట్టెకు ఆ బాధ లేదు. రంగంతా లోపలి నుంచే వస్తుంది కనుక, నా అనుభవంలో కుక్కరుకు ఇంతగా కలిసొచ్చే రొట్టె మరొకటి లేదు. గాస్కెట్టు, విజిలు తీసేసి, అడుగున ఒక స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు మధ్యస్థపు సెగ మీద వేడిచేయండి. నీళ్లు పోయకూడదు. టిన్నును పటకారతో జాగ్రత్తగా దించి, సెగ పూర్తిగా తగ్గించి 45 నుంచి 55 నిమిషాలు ఉంచండి. కుక్కరు లోపల గుండ్రని టిన్నే పడుతుంది కనుక అందులో మూడింట రెండు వంతులకు మించి పిండి పోయకండి. గుడ్డుకు బదులు 60 గ్రాముల గట్టి పెరుగు చాలు. మసాలాలూ మొలాసిస్సూ ఉన్నచోట గుడ్డు లేని లోటు ఎవరికీ తెలియదు. ముక్క కొంచెం పొడిపొడిగా విరుగుతుంది, అంతే.

ఆవిరి ప్రశ్న మీరు సరదాగా అడిగారో లేదో గాని, దానికి నిజంగా ఒక జవాబుంది. ఈ పిండినే ఆవిరి మీద ఉడికిస్తే జిగటగా వస్తుంది, నేను సిఫారసు చేయను. అయితే ఆవిరి కోసమే పుట్టిన దీని తోబుట్టువు ఒకటి ఉంది: బోస్టన్ బ్రౌన్ బ్రెడ్. రై అనే ధాన్యపు పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ పిండి సమభాగాలుగా తీసుకొని, మజ్జిగ, మొలాసిస్, సోడా కలిపి, కాఫీ డబ్బాలాంటి పొడవాటి రేకు డబ్బాలో పోసి మూతికి కాగితం కట్టి, మరుగుతున్న నీళ్లలో డబ్బా సగం మునిగేలా నిలబెట్టి రెండు గంటల వరకూ ఉడికిస్తారు. దాన్ని గుండ్రని బిళ్లలుగా కోసి, మొలాసిస్‌తోనే ఉడికించిన చిక్కుడు గింజలతో శనివారం రాత్రి తినడం బోస్టన్ ఇళ్లలో పాత అలవాటు. రై పిండి మనకు సులభంగా దొరకదు. దాని స్థానంలో రాగి పిండి వేసి చేశాను. రుచి బాగుంది, కోసేటప్పుడు మాత్రం విరిగింది. ఇడ్లీలు తినేవాళ్లకు ఆవిరి రొట్టె వింత కాదు గదా, మీరూ ప్రయత్నించి రాయండి.

ప్రశ్న: శొంఠి పొడి ఇంట్లోనే కొట్టుకోవచ్చా? పచ్చి అల్లం తురిమి వేస్తే ఘాటు ఇంకా పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెరగదు, మారుతుంది. అల్లం ఎండేటప్పుడు దానిలోని జింజరాల్ అనే ఘాటు పదార్థంలో కొంత షొగవాల్‌గా మారుతుంది. అది మరింత మంట పుట్టిస్తుంది. శొంఠి గొంతులో నిలిచేదీ, అల్లం ముక్కుకు తగిలేదీ అందుకే. ఈ రొట్టెకు వెన్నెముక శొంఠి. కావాలంటే దానిపైన ఒక టీ స్పూను అల్లం తురుము వేసుకోండి, దానికి బదులుగా కాదు.

ఇంట్లో కొట్టుకున్న పొడికి సాటి లేదు. బజారులో తెల్లగా మెరిసే శొంఠికి సున్నపు పూత ఉంటుంది. మట్టి రంగులో ముడతలుపడి కనిపించేది ఎంచుకోండి. కొమ్ములను ఒక పూట ఎండలో పెట్టి, రోట్లో చితక్కొట్టి, ఆపైన మిక్సీలో వేయండి. నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు విరుగుతుంది. పొడిని సన్నని జల్లెడలో పట్టినప్పుడు పైన దూదిలాంటి పీచు మిగులుతుంది. దాన్ని పారేయకుండా టీలో వేసుకోండి గాని, పిండిలో మాత్రం కలపకండి. పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. శ్రీరామనవమి పానకం తాగిన నాలుకకు బెల్లం, శొంఠి, మిరియాలు కొత్త కాదు కనుక, పావు టీ స్పూను మిరియాల పొడి కూడా వేసి చూడమని నా సలహా.

ప్రశ్న: మొలాసిస్‌లో ఇనుము ఉంటుందట. మా నాన్నగారికి మధుమేహం, రక్తహీనత రెండూ ఉన్నాయి. ఈ రొట్టె రోజూ పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దండి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల మొలాసిస్‌లో సుమారు 4.7 మిల్లీగ్రాముల ఇనుము, 75 గ్రాముల చక్కెరలు ఉంటాయి. పైన చెప్పిన రొట్టెను 16 ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో మొలాసిస్ వల్ల చేరే ఇనుము అర మిల్లీగ్రాము పైచిలుకు. దానితోపాటు లోపలికి వెళ్లేది దాదాపు 14 గ్రాముల చక్కెర, 15 గ్రాములకు పైగా మైదా. రక్తహీనత సంగతి వైద్యులకు వదిలేయండి. ఆయనకు తినాలనిపించిన రోజున, వైద్యులు సరేనంటే, సగం ముక్క భోజనంతో పాటు ఇవ్వండి.

ప్రశ్న: ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? మరునాటికి పైభాగం జిగటగా అయింది, పాడైనట్టా?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: పాడవలేదు. మొలాసిస్‌లోని చక్కెరలు గాలిలోని తేమను లాక్కుంటాయి, మీ ఊరి గాలిలో ఆ తేమకు కొదవ లేదు. ఈ రొట్టె కాల్చిన నాటి కంటే మరునాడే బాగుంటుంది. లవంగం మొన తగ్గి మసాలాలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. పూర్తిగా చల్లారాక బటర్ పేపరులో చుట్టి డబ్బాలో పెట్టండి. వెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి చెమ్మ పట్టి రెండో రోజుకే బూజు వస్తుంది. కోస్తా ఎండల్లో బయట మూడు రోజులు, ఫ్రిజ్‌లో వారం. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క గట్టిగా ఉంటే పెనం మీద చుక్క నెయ్యి వేసి రెండువైపులా ఒక్కో నిమిషం కాల్చండి, అంచులు కరకరలాడతాయి.